స్ట్రిప్ లైటు వేస్తే స్మార్ట్ స్విచ్ ఎందుకు తిక్కతిక్కగా చేస్తుంది: నింద వైఫైకి, తప్పు ఎక్కువసార్లు వైరింగ్‌లో

నెల్లూరు మాగుంట లేఅవుట్, వేదాయపాళెం, అటు ఒంగోలు కర్నూలు రోడ్డు, కావలి ట్రంకు రోడ్డు వైపు కొత్తగా లేస్తున్న ఇళ్ళల్లో ఇప్పుడు రెండు పనులు ఇంచుమించు ఒకేసారి జరుగుతున్నాయి. ఒకటి హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి దాని అంచుల్లో 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ లైట్లు దాచిపెట్టడం. రెండోది మామూలు స్విచ్‌లు తీసేసి గాజు టచ్ ప్యానెళ్ళు పెట్టించడం, లేదంటే ఉన్న స్విచ్ వెనకాలే అగ్గిపెట్టె సైజు వైఫై మాడ్యూల్ దూర్చేయడం. విడివిడిగా రెండూ బాగానే పనిచేస్తాయి, ఒకే బోర్డు మీదికి వచ్చాకే తిప్పలు మొదలు. లైటు ఆపినా సన్నగా వెలగతా ఉంటది, రాత్రి రెండింటికి ఎవరూ ముట్టుకోకుండానే ప్యానెల్ బీప్ అని హాలంతా వెలిగిపోతుంది, యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది గానీ సీలింగ్ మాత్రం ధగధగా మెరుస్తానే ఉంటది.

అప్పుడు ఆటోమేషన్ పెట్టినాయన "లైట్లోళ్ళు చీప్ అడాప్టర్ పెట్టారండీ" అంటాడు, సీలింగ్ చేసినాయన "ఆ స్విచ్‌లే అంత సార్" అంటాడు, ఇంటాయన మధ్యలో నిలబడి వైఫై రూటర్ మార్చుకుంటాడు. ఇద్దరు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉంది, కానీ మూలం ఎక్కువసార్లు ఈ రెండు వస్తువుల్లో కాకుండా వాటిని కలిపే వైర్లలో ఉంటుంది.

క్లుప్తంగా

జనం ఇంటర్‌ఫియరెన్స్ అని ఒకే పేరు పెట్టే దాంట్లో నిజానికి నాలుగు వేరువేరు జబ్బులున్నాయి: న్యూట్రల్ లేకపోవడం వల్లో పక్క వైరు వల్లో లీకయ్యే కొద్దిపాటి కరెంటు, ఎర్త్ లేని అడాప్టర్ నుంచి వచ్చే హై ఫ్రీక్వెన్సీ నాయిస్ (చెవికి వినపడే మోత కాదు, వైర్లలో తిరిగే అక్కర్లేని కరెంటు అలజడి), ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా ఎగసి రిలేని, అంటే స్మార్ట్ స్విచ్ లోపల చిప్ చెప్పినట్టు లైటుని వేసి ఆపే ముక్కని, కాల్చేసే ఇన్‌రష్ కరెంటు, చివరగా నిజంగా గాలిలో రేడియో సిగ్నల్‌కి అడ్డం పడటం. ఈ చివరిది అన్నిటికన్నా తక్కువ, నింద మాత్రం అన్నిటికన్నా ఎక్కువ దాని మీదే పడుతుంది. ఏ జబ్బో తేల్చకుండా స్విచ్ మారిస్తే కొత్త స్విచ్ కూడా అదే పని చేస్తుంది.

12 వోల్టుల లైటే గానీ వెనకాల 230 ఉంది

స్ట్రిప్‌లోకి వెళ్ళేది 12 వోల్టులే, చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టదు, అందుకని దీన్ని చిన్న విషయంగా చూస్తారు. కానీ ఆ 12 వోల్టుల్ని తయారుచేసే అడాప్టర్, అదే ఎస్ఎంపీఎస్, పాతకాలం ఇనప ట్రాన్స్‌ఫార్మర్ లాగా నెమ్మదిగా పనిచేసే వస్తువు కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల 50 హెర్ట్జ్ కరెంటుని ముందు డీసీ చేస్తుంది, పీక్ దగ్గర అది 325 వోల్టుల దాకా ఉంటుంది, తర్వాత దాన్ని సెకనుకి పదుల వేలసార్లు, కొన్నిట్లో లక్షకి పైగా, కోసికోసి చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపిస్తుంది. అట్లా కోయబట్టే అడాప్టర్ అరచేతిలో పట్టేంత చిన్నదైంది, నాయిస్ కూడా ఆ కోతలోంచే పుడుతుంది.

మంచి అడాప్టర్‌లో ఈ నాయిస్ బయటికి రాకుండా ఇన్‌పుట్ దగ్గర ఒక ఫిల్టర్ ఉంటుంది: రెండు కాయిళ్ళు చుట్టిన కామన్ మోడ్ చోక్, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎక్స్ కెపాసిటర్, ఎర్త్ వైపుకి వై కెపాసిటర్లు. రేటు తగ్గించాలంటే ముందు పీకేసేది వీటినే, ఎందుకంటే అవి లేకపోయినా లైటు వెలుగుతుంది, కొన్నవాడికి తేడా తెలియదు. లైటింగ్ సామాన్లు ఎంత నాయిస్ వదలొచ్చో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 15, అది 9 కిలోహెర్ట్జ్ నుంచే లెక్క చూస్తుంది. మన దగ్గర ఎల్ఈడీ డ్రైవర్లకి, అంటే ఈ అడాప్టర్లకి, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరే, డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి, కానీ అది చూసేది షాక్, మంటల లాంటి సేఫ్టీ సంగతి. ఆ నంబర్ ఉంది కదా అని నాయిస్ రాదనుకోకూడదు.

ఆపేసినా మినుకుమినుకుమంటుంటే

ఎక్కువమంది చెప్పేది ఇదే. స్విచ్ ఆఫ్, లైటు మాత్రం దీపావళి ప్రమిద ఆరిపోయే ముందులాగా సన్నగా, లేదంటే రెండు మూడు సెకన్లకోసారి టప్పుమని మెరిసి ఆరిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది న్యూట్రల్ లేని స్మార్ట్ స్విచ్. స్విచ్ లోపల వైఫై చిప్ ఉంది, అది ఇరవైనాలుగు గంటలూ మెలకువగా ఉండాలి, దానికి కరెంటు కావాలి. న్యూట్రల్ వైరు ఉంటే అక్కడినుంచి తీసుకుంటుంది, లేకపోతే లైటు గుండానే కొద్దిగా కరెంటు లాక్కుంటుంది, కొన్ని మిల్లీ ఆంపియర్లు. పాత ఫిలమెంట్ బల్బుకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎల్ఈడీ అడాప్టర్ లోపల మాత్రం పెద్ద కెపాసిటర్ ఉంటుంది, ఆ కొద్దికొద్ది కరెంటుని పోగేసుకుంటా పోయి, చాలినంత నిండగానే అడాప్టర్ స్టార్ట్ అవుతుంది, లైటు మెరుస్తుంది, నిల్వ అయిపోగానే ఆగుతుంది, మళ్ళీ పోగేస్తుంది. ఆ టప్పు టప్పుకి కారణం ఇంతే.

నిజానికి మన వైపు ఇళ్ళల్లో ఇది రాకూడదు. మన స్విచ్ బోర్డుల్లో స్విచ్‌ల పక్కనే 5 ఆంప్స్ సాకెట్ ఉండటం అలవాటు కాబట్టి చాలా బోర్డుల్లోకి న్యూట్రల్ ఎట్లాగూ వచ్చే ఉంటుంది. అమెరికా ఇళ్ళ సంగతి వేరు, అక్కడ పాత ఇళ్ళల్లో స్విచ్ బాక్స్ దాకా న్యూట్రల్ రానివి చాలా, అందుకే ఆన్‌లైన్‌లో చదివే సలహాల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ న్యూట్రల్ దొరకనిది ముఖ్యంగా మెట్ల దగ్గర టూ వే స్విచ్‌ల్లో, మంచం పక్కన ఒక్క స్విచ్ మాత్రమే ఉండే చిన్న బాక్సుల్లో. కొందరు అక్కడ న్యూట్రల్ లేదని ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా కలిపేస్తారు, స్విచ్ పనిచేస్తుంది కూడా. అది చాలా ప్రమాదం: ఎర్త్ ఎక్కడైనా ఊడితే ఆ వైరుకి తగిలిన ప్రతి ఇనప వస్తువులోకీ కరెంటు వస్తుంది, ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే బ్రేకర్, ఉన్న ఇంట్లో అయితే అది ఊరికే పడిపోతానే ఉంటది.

రెండో దారి పక్క వైరు. ఒకే పైపులో రెండు వైర్లు పక్కపక్కన పది పదిహేను మీటర్లు పోతుంటే వాటి మధ్య తెలియకుండానే ఒక కెపాసిటర్ తయారవుతుంది. మీటరుకి 100 పికోఫారడ్ అనుకుంటే 15 మీటర్లకి 1.5 నానోఫారడ్, 230 వోల్టుల దగ్గర అది సుమారు 0.1 మిల్లీ ఆంప్ కరెంటుని ఇటు దాటిస్తుంది. టూ వే మెట్ల లైటులో ఒక వైరు ఎప్పుడూ లైవ్‌లోనే ఉండి రెండోది పక్కనే ఖాళీగా ఉంటుంది కాబట్టి ఈ జబ్బు అక్కడే ఎక్కువ. స్మార్ట్ స్విచ్ తీసేసి మామూలు స్విచ్ పెట్టినా తగ్గకపోతే ఇదే అనుకోవచ్చు.

మూడోది పాత ఇళ్ళ వారసత్వం: స్విచ్ ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో వేసి ఉండటం. ఫిలమెంట్ బల్బుల కాలంలో ఎవరికీ పట్టలేదు, స్విచ్ వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. ఇప్పుడు ఆఫ్ చేసినా అడాప్టర్‌కి ఫేజ్ అందతానే ఉంటుంది, అక్కడినుంచి అల్యూమినియం ప్రొఫైల్‌కో, తడిగోడకో ఏదో ఒక దారి దొరికి సన్నటి వెలుగు వస్తుంది. టెస్టర్ పెడితే నిమిషంలో తెలిసిపోతుంది: స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు అడాప్టర్ ఇన్‌పుట్ దగ్గర టెస్టర్ బాగా వెలిగితే స్విచ్ తప్పు వైరులో ఉంది. పక్క వైరు ప్రభావం వల్ల కూడా టెస్టర్ మసగ్గా వెలగొచ్చు, ఆ తేడా గమనించాలి.

ముందటి రెండిటికీ మందు ఒకటే, లైటు దగ్గర, అంటే అడాప్టర్ ఇన్‌పుట్‌కి ప్యారలల్‌గా, ఎక్స్2 రకం, అంటే నేరుగా మెయిన్స్ మీద పెట్టేందుకే చేసిన కెపాసిటర్ ఒకటి పెట్టడం. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 7 మిల్లీ ఆంప్ దాకా తన గుండా పోనిస్తుంది, ఆ దొంగ కరెంటు అడాప్టర్ లోపల పోగవకుండా ఇట్నుంచి వెళ్ళిపోతుంది. స్మార్ట్ స్విచ్ డబ్బాలో చాలాసార్లు ఇదే బైపాస్ అనో అడాప్టర్ అనో పేరుతో చిన్న ముక్కగా వస్తుంది, బిగించేవాళ్ళు అదేందో తెలియక డబ్బాతో పాటే పారేస్తారు. ఫ్యాన్ కెపాసిటర్ కదా అని 2.5 మైక్రోఫారడ్‌ది మాత్రం తెచ్చి పెట్టకూడదు. మూడోదానికి మాత్రం కెపాసిటర్ మందు కాదు, ఫేజ్, న్యూట్రల్ సరిచేసుకోవడమే.

టచ్ ప్యానెల్ తనంతట తనే వెలిగిస్తుంటే

దెయ్యం అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో వినిపించేది ఈ దశలోనే. టచ్ ప్యానెల్ గాజు వెనకాల చిన్న రాగి ప్యాడ్ ఉంటుంది, వేలు దగ్గరికి రాగానే ఆ ప్యాడ్ కెపాసిటెన్స్ పికోఫారడ్ లెక్కలో కొద్దిగా మారుతుంది, చిప్ దాన్ని పసిగట్టి రిలే వేస్తుంది. అంత సన్నటి మార్పుని కొలిచే వస్తువుకి తన సొంత గ్రౌండ్ ఊగకుండా ఉండాలి. గ్రౌండే ఊగిపోతుంటే వేలు వచ్చిందనుకుంటుంది.

దాన్ని ఊపేది అడాప్టర్. ఫాల్స్ సీలింగ్ పైన పెట్టిన జాలీ డబ్బా ఎస్ఎంపీఎస్ ఒకదాన్ని దగ్గర్నుంచి చూస్తే వరసగా ఎల్, ఎన్, ఎర్త్ గుర్తు, తర్వాత మైనస్, ప్లస్ టెర్మినల్స్ కనిపిస్తాయి. ఎల్, ఎన్‌లలో వైర్లుంటాయి, ఎర్త్ గుర్తున్న స్క్రూ మాత్రం ఫ్యాక్టరీలో బిగించినట్టే ఖాళీగా ఉంటుంది. కారణం సోమరితనం ఒక్కటే కాదు. మన ఇళ్ళల్లో లైట్ పాయింట్‌కి ఫేజ్, న్యూట్రల్ అని రెండే వైర్లు లాగడం ఆనవాయితీ, ఎర్త్ సాకెట్ల దాకానే పోతుంది, లైటుకి ఎర్త్ ఎందుకని ఎవరూ లాగలేదు. బల్బుకి అక్కర్లేదు నిజమే, కానీ ఇనప డబ్బా అడాప్టర్‌కి కావాలి.

ఎర్త్ లేనప్పుడు లోపలున్న రెండు వై కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చెరి సగం పంచుకుని ఆ డబ్బాని సుమారు 115 వోల్టుల దగ్గర వేలాడదీస్తాయి. కరెంటు మిల్లీ ఆంప్‌లో చిన్న భాగమే కాబట్టి ప్రాణానికేం కాదు, కానీ ప్రొఫైల్ మీద ముంజేయి ఆనిస్తే చురుక్కుమంటుంది, వేళ్ళతో రాస్తే గరగరమన్నట్టు ఉంటుంది. దాంతో పాటే హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌కి కూడా ఎర్త్‌లోకి పోయే దారి లేక, ప్లస్ మైనస్ రెండు వైర్ల మీదా ఒకేసారి ఎక్కి స్ట్రిప్ పొడుగునా పోతుంది. అల్యూమినియం ప్రొఫైల్‌లో అతికించిన 5 మీటర్ల స్ట్రిప్ మంచి ఏరియల్ కిందే లెక్క. అక్కడినుంచి పైపులో పక్కనున్న వైర్లలోకి, వాటి నుంచి టచ్ ప్యానెల్‌లోకి.

అందుకే ఈ జబ్బులో ముందు చూడాల్సింది ఎర్త్ స్క్రూ. సీలింగ్ మూసేయకముందైతే ఇంకో వైరు లాగడం పెద్ద పనికాదు, మూసేశాక కష్టం, అప్పుడు ఫెర్రైట్ దిక్కు. అడాప్టర్ నుంచి బయటికి వచ్చే ప్లస్ మైనస్ వైర్లు రెంటినీ కలిపి ఫెర్రైట్ రింగులో, అంటే నాయిస్‌ని అడ్డుకునే నల్లటి అయస్కాంత పదార్థపు రింగులో, మూడు నాలుగు చుట్లు తిప్పాలి. ఒక్క చుట్టుకీ మూడు చుట్లకీ తేడా మూడింతలు కాదు, ఇంపెడెన్స్ చుట్ల వర్గంలో పెరుగుతుంది కాబట్టి ఇంచుమించు తొమ్మిదింతలు. వైరు మీద ఊరికే క్లిప్పు తగిలించి పనిచేయలేదనేవాళ్ళు చాలామంది ఈ ఒక్క సంగతి వదిలేసినవాళ్ళే.

ఇంకోటి, బిగించేవాళ్ళు పైపులు ఆదా చేద్దామని 12 వోల్టుల వైర్లనీ 230 వోల్టుల వైర్లనీ ఒకే పైపులో దూర్చేస్తారు. వేరే పైపు వేసి, దాటాల్సిన చోట అడ్డంగా దాటిస్తే ఈ గొడవలో పెద్ద భాగం పుట్టనే పుట్టదు.

యాప్‌లో ఆఫ్, సీలింగ్‌లో ఆన్

ఇది నాయిస్ కానే కాదు, కానీ ఫిర్యాదు చేసేటప్పుడు దీన్నీ అదే గంపలో వేస్తారు. స్విచ్ లోపల రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది, 60 వాట్ల అడాప్టర్ తీసుకునేది ఒక ఆంపియరు కూడా ఉండదు, మరి కాలిపోవడమేంది అని అనిపించడం సహజం. ఆ 10 ఆంపియర్లు హీటర్ లాంటి రెసిస్టివ్ లోడ్‌కి. అడాప్టర్ లోపల ఖాళీ కెపాసిటర్ ఉంది, స్విచ్ వేసిన క్షణం అది షార్ట్ సర్క్యూట్ లాగే కనిపిస్తుంది. కరెంటు తరంగం పీక్ దగ్గర ఉన్నప్పుడు రిలే పడిందంటే మిల్లీ సెకనులో వంతు కాలం పాటు భారీగా లాగేస్తుంది. పేరున్న ఎస్ఎంపీఎస్‌ల డేటాషీట్‌లోనే 230 వోల్టుల దగ్గర కోల్డ్ స్టార్ట్ ఇన్‌రష్ 40 నుంచి 60 ఆంపియర్లని రాసి ఉంటుంది, అదీ ఒక్క అడాప్టర్‌కి. హాల్లో నాలుగు వైపులా నాలుగు అడాప్టర్లు పెట్టి ఒకే రిలేకి కలిపితే ఎంతవుతుందో ఊహించుకోవచ్చు.

ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ లేస్తుంది, లోహం కొద్దిగా కరుగుతుంది, ఒకరోజు రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. చిప్ ఆఫ్ చెప్తుంది, రిలే కాయిల్ వదిలేస్తుంది, కాంటాక్ట్ విడిపోదు. ప్యానెల్ మీద చూపుడువేలి కణుపుతో టక్కుమని కొడితే లైటు ఆరిపోవడం దీనికి నమ్మకమైన గుర్తు, కానీ అట్లా కొట్టి కొట్టి వాడుకుంటా పోవడం మంచిది కాదు, అతుక్కున్న కాంటాక్ట్ వేడెక్కుతుంది.

దీనికి తరంగం సున్నా దాటేటప్పుడే రిలే వేసే జీరో క్రాసింగ్ స్విచ్‌లు దొరుకుతాయి, ఇన్‌రష్ తట్టుకోవడానికే చేసిన రిలేలున్నవీ ఉన్నాయి. కానీ తేలికైన పని లోడ్ విడగొట్టడం, నాలుగు అడాప్టర్లని రెండు మూడు పోర్టులకి పంచడం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాంటి కాయిల్ ఉన్న లోడ్‌ది దీనికి ఉల్టా, అది ఆపేటప్పుడు ఎదురు తన్నుతుంది, పక్క పోర్టులో ఉన్న మాడ్యూల్ రీస్టార్ట్ అవుతుంది. ఫ్యాన్ టెర్మినల్స్‌కి అడ్డంగా 100 ఓమ్స్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపిన స్నబ్బర్ పెడితే సద్దుమణుగుతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ప్యానెల్‌లో ఫ్యాన్ పోర్టు ఒకటి ఉంటుంది, స్పీడు మారుతుంది కదా అని స్ట్రిప్ లైటుని దానికి కలిపి డిమ్మింగ్ వస్తుందనుకుంటారు. ఫ్యాన్ పోర్టు లోపల వరసలో కెపాసిటర్లుంటాయి, లేదా తరంగాన్ని కోసే ట్రయాక్ ఉంటుంది. అడాప్టర్ పనే ఇన్‌పుట్ ఎంత తగ్గినా అవతల 12 వోల్టులు నిలబెట్టడం, అందుకని కొంతదాకా ఏమీ తగ్గదు, తర్వాత ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టి గుయ్యిమంటుంది. వెలుగు తగ్గించాలంటే 12 వోల్టుల వైపే పీడబ్ల్యూఎం కంట్రోలర్, అంటే కంటికి తెలియనంత వేగంగా ఆన్ ఆఫ్ చేసి వెలుగు తగ్గించే డిమ్మర్, పెట్టాలి, అది కూడా స్ట్రిప్ మొదట్లోనే. కంట్రోలర్‌కీ స్ట్రిప్‌కీ మధ్య ఎన్ని మీటర్ల వైరు ఉంటే అంత పొడుగు నాయిస్ ఏరియల్ అన్నమాట.

వైఫై మీద వేసే నింద

వైఫై, కొన్ని స్మార్ట్ స్విచ్‌లు దాని బదులు వాడే జిగ్‌బీ, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. అడాప్టర్ నాయిస్ కిలోహెర్ట్జ్‌లలో పుట్టి మెగాహెర్ట్జ్‌లలో బలహీనపడతా పోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ దాకా వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి స్ట్రిప్ వేయగానే స్విచ్ ఆఫ్‌లైన్ అయిందంటే సిగ్నల్ చెడిందని అనుకోవడం కన్నా, లోపలి చిప్‌కి కరెంటు ఒక్క క్షణం తగ్గి రీస్టార్ట్ అయిందని అనుమానించడం మేలు. వైఫై చిప్ సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారిగా 300 మిల్లీ ఆంప్ పైన లాగుతుంది, స్విచ్ లోపలి బుల్లి సప్లై అప్పటికే అంచుల్లో ఉంటే ఏ చిన్న కుదుపైనా చాలు. ఎప్పుడూ సిగ్నల్ వీక్‌గానే ఉంటే మాత్రం చూడాల్సింది సిగ్నల్‌ని అడ్డుకునే గోడలోని ఇనప జీఐ బాక్సుని.

నిజంగా దెబ్బతినేది 433 మెగాహెర్ట్జ్ రిమోట్. ఫ్యాన్‌కీ లైట్లకీ కలిపి వచ్చే చవక రిమోట్ సెట్లలో ఎక్కువ ఇదే, వాటి రిసీవర్ చాలా సాదాగా ఉంటుంది, పక్కనే నాయిస్ ఉంటే సిగ్నల్ అందుకోలేదు. లైట్లు ఆరి ఉన్నప్పుడు గది అవతలి మూల నుంచి పనిచేసే రిమోట్, లైట్లు వేశాక ప్యానెల్ దగ్గరికి పోయి నొక్కితేనే పనిచేస్తుందంటే అది సిసలైన రేడియో ఇంటర్‌ఫియరెన్స్. రిసీవర్‌ని అడాప్టర్ నుంచి ఒకటి రెండు మీటర్లు జరిపితే తేడా వెంటనే తెలుస్తుంది.

కరెంటు, వాన, ఇన్వర్టర్

పై కారణాలు ఏ ఊర్లోనైనా ఒకటే, అయితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాటిని ముదరబెట్టేవి కొన్ని ఉన్నాయి. నాట్లప్పుడు మోటార్లు, తీరం వెంబడి రొయ్యల చెరువుల ఏరియేటర్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పల్లెల్లో వోల్టేజీ బాగా కిందికి జారుతుంది. అడాప్టర్ దాన్ని తట్టుకుంటుంది, లైటు వెలుగు కూడా తగ్గదు, దెబ్బ స్విచ్‌కే. చవక స్మార్ట్ స్విచ్‌ల్లో చిప్‌కి, రిలేకి కరెంటు ఒక కెపాసిటర్ గుండా వస్తుంది, 230 కాస్తా 170 అయితే అందే కరెంటు కూడా పావు వంతు తగ్గుతుంది, రిలే పూర్తిగా లాగలేక టకటకలాడుతుంది. ఇళ్ళకొచ్చే ఎల్‌టీ సప్లైలో వోల్టేజీ ఆరు శాతానికి మించి అటు ఇటు పోకూడదనేది నియమం, అంటే 216 నుంచి 244 మధ్య. మల్టీమీటర్‌లో అంతకన్నా తక్కువ తరచూ చూపిస్తుంటే స్విచ్ కంపెనీకి కాదు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాల్సిన విషయం.

నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. స్లాబులోకి, గోడల్లోకి దిగిన చెమ్మ పైపుల్లో చేరితే వైర్ల మధ్య లీకేజీ పెరుగుతుంది. ఎండాకాలం అంతా బుద్ధిగా ఉన్న లైటు కార్తీకమాసంలో సన్నగా వెలగడం మొదలుపెట్టిందంటే స్విచ్ చెడిపోలేదు, పైపులో తడి ఉంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో ఉప్పుగాలికి టెర్మినల్స్ పచ్చగా తుప్పుపట్టి లూజ్ కాంటాక్ట్ వస్తుంది, అది నాయిస్‌కి ఇంకో పుట్ట.

ఇన్వర్టర్ సంగతి చెప్పకపోతే సగం కేసులు అర్థం కావు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు తరంగం మెట్లుమెట్లుగా ఉంటుంది, జీరో క్రాసింగ్ చూసుకునే స్విచ్‌లు తికమకపడతాయి, వై కెపాసిటర్ల గుండా లీకేజీ పెరుగుతుంది. సమస్య కరెంటు పోయినప్పుడే వచ్చి కరెంటు రాగానే పోతుంటే ఇక వేరే వెతకాల్సిన పనిలేదు. దీనికితోడు కొన్ని ఇళ్ళల్లో స్విచ్‌కి ఫేజ్ ఇన్వర్టర్ లైనులో, అడాప్టర్‌కి న్యూట్రల్ ఇంకో సర్క్యూట్లో కలిసిపోయి ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు.

ఏది ముందు చూడాలి

వస్తువులు కొనే ముందు ఇంట్లో ఉన్నవాటితోనే చాలావరకు తేల్చుకోవచ్చు. స్ట్రిప్ అడాప్టర్ ఇన్‌పుట్‌కి ప్యారలల్‌గా ఒక జీరో బల్బు కలిపి చూడాలి, అదే పాత ఫిలమెంట్ రకం. పేరుకే జీరో వాట్ గానీ 15 వాట్ల దాకా తీసుకుంటుంది, ఇక్కడ మనకి కావాల్సింది అదే. బల్బు పెట్టగానే మినుకుమినుకు ఆగిపోతే కారణం లీకేజీ కరెంటు, కెపాసిటర్‌తో పోతుంది. ఆగకపోతే స్విచ్ న్యూట్రల్‌లో ఉందేమో చూడాలి, అదీ కాకపోతే అడాప్టర్ లోపలే ఏదో తేడా.

నాయిస్ ఎక్కడిదో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష బైకు బ్యాటరీ. అడాప్టర్‌ని పూర్తిగా విప్పేసి, ప్లస్ మైనస్ చూసుకుని, స్ట్రిప్‌ని ఫ్యూజు పెట్టిన వైరుతో 12 వోల్టుల బ్యాటరీకి కాసేపు కలపాలి. టచ్ ప్యానెల్ తిక్క ఆగిందంటే దోషి అడాప్టర్. ఆగలేదు, పైగా మధ్యలో డిమ్మర్ కంట్రోలర్ ఉంది అంటే దాన్ని కూడా తప్పించి మళ్ళీ చూడాలి. రెండూ లేకుండా కూడా ప్యానెల్ అట్లాగే చేస్తుంటే స్ట్రిప్‌కి సంబంధం లేదు, అప్పుడు ప్యానెల్‌నో, దాని న్యూట్రల్ కనెక్షన్‌నో అనుమానించొచ్చు.

మూలన పడున్న పాత రేడియో ఉంటే మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి అడాప్టర్ దగ్గరికి, తర్వాత పైపు దారి వెంబడి నడిపిస్తే బర్రుమనే మోత ఎక్కడ ఎక్కువో అక్కడే నాయిస్. నాలుగు అడాప్టర్లలో ఒక్కటే అరుస్తున్న సందర్భాలుంటాయి, ఆ ఒక్కటి మారిస్తే చాలు, అన్నీ పీకాల్సిన పనిలేదు.

ఈ పరీక్షల్లో 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టాల్సిన ప్రతిదీ ఎంసీబీ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించాల్సిందే, అడాప్టర్ లోపలి కెపాసిటర్‌లో కరెంటు ఆపాక కూడా కొంతసేపు చార్జ్ ఉంటుంది.

కొత్తగా కట్టే ఇంట్లో

వైరింగ్ దశలోనే ఉన్నవాళ్ళు 12కి బదులు 24 వోల్టుల స్ట్రిప్ గురించి ఆలోచించొచ్చు, నాయిస్ ఒక్కటే కాదు, దూరం లెక్క కూడా ఉంది. 72 వాట్ల స్ట్రిప్ 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు లాగుతుంది. అడాప్టర్ 10 మీటర్ల దూరంలో ఉండి 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు వేస్తే పోనూ రానూ 1.6 వోల్టులు వైర్లోనే పోతాయి, స్ట్రిప్‌కి అందేది పదిన్నర లోపే, చివర్లో వెలుగు మసకబారుతుంది. ఈ డ్రాప్‌కి భయపడే బిగించేవాళ్ళు అడాప్టర్‌ని తీసుకెళ్ళి స్ట్రిప్ పక్కనే, జిప్సం బోర్డు మీద, ఎర్త్ లేని చోట, గాలాడని చోట పడేస్తారు. అదే 72 వాట్లు 24 వోల్టుల్లో అయితే 3 ఆంపియర్లే, డ్రాప్ 0.8 వోల్టులు, అంటే మూడు శాతం పైచిలుకు. అప్పుడు అడాప్టర్లన్నిటినీ ఒకేచోట, ఎర్త్ దొరికే చోట, అటకలోనో, డీబీ, అంటే ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, పక్కన బాక్సులోనో పెట్టుకునే వీలుంటుంది, పాడైతే సీలింగ్ కోయకుండా చేయి పెట్టి మార్చుకోవచ్చు. డిమ్మర్ కంట్రోలర్ మాత్రం అప్పుడు కూడా స్ట్రిప్ మొదట్లోనే ఉండాలి.

దాంతో పాటు మెట్ల టూ వే బాక్సులతో సహా ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్, ప్రతి లైట్ పాయింట్‌కీ ఎర్త్ అని ముందే ఎలక్ట్రీషియన్‌కి చెప్పి, పైపులు మూసేయకముందు ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోవాలి, ఏ పైపులో ఏ వైరు పోతుందో తర్వాత ఎవరికీ గుర్తుండదు.